"పైన ఎవరూ లేరనుకున్నాం": 40వ అంతస్తు సినిమాలో ఆ ముక్క నమ్మేదేనా?

పాతబొమ్మ (శనివారం, రాత్రి 9:40)

ఈ వారం మన గుంపు చూసిన సినిమా 'టెర్రర్ ఆన్ ది ఫార్టీయెత్ ఫ్లోర్'. 1974 సెప్టెంబరులో అమెరికాలో ఎన్‌బీసీ టీవీలో వచ్చింది. దర్శకుడు జెర్రీ జేమ్సన్, ముఖ్య పాత్ర జాన్ ఫోర్సైత్. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. ఆఫీసులో క్రిస్మస్ పార్టీ అయిపోతుంది, అందరూ ఇళ్ళకు పోతారు, కొద్దిమంది మాత్రం పై అంతస్తులో ఉండిపోతారు. బిల్డింగు అంటుకుంటుంది. వాళ్ళు పైన ఉన్నారని ఎవరికీ తెలియదు.

మంటలు చూద్దామని కూర్చున్నవాళ్ళకు నిరాశే మిగిలి ఉంటుంది. టీవీకి తీసింది, ఖర్చు తక్కువ. మంట కంటే మాట ఎక్కువ. చిక్కుకున్నవాళ్ళు ఒక్కొక్కరూ తమ గతం తలచుకుంటారు, కథ మాటిమాటికీ వెనక్కి పోతుంది. అయినా నా మాట ఇది: అదే ఏడాది డిసెంబరులో థియేటర్లకు వచ్చిన 'ది టవరింగ్ ఇన్‌ఫెర్నో' కంటే ఈ చిన్న సినిమాయే నిజానికి దగ్గరగా ఉంది. ఆఫీసు తగలబడుతున్నప్పుడు పైన ఉన్నవాళ్ళకు చాలాసేపు మంట కనపడదు. వాళ్ళకు మిగిలేది ఎదురుచూడడమే. నేను ఇరవై ఆరేళ్ళు బేగంపేట, సికింద్రాబాద్ వైపు ఆఫీసు బిల్డింగుల అడ్మిన్ పని చూసి రిటైరయ్యాను. ఎవరికీ తెలియకుండా మనుషులు పైన ఉండిపోవడం ఎంత సులభమో నాకు తెలుసు. సినిమా మొత్తంలో అన్నిటికంటే నమ్మదగ్గది ఆ ముక్కే.

రెండో ఆట (రాత్రి 10:05)

అన్నా, గౌరవంతోనే చెప్తున్నా, పోలికే తప్పు. టవరింగ్ ఇన్‌ఫెర్నోకు కోటీ నలభై లక్షల డాలర్లు పెట్టారు. ఒకే రకం కథతో రెండు నవలలు రెండు స్టూడియోల చేతిలో ఉంటే, పోటీ పడకుండా వార్నర్ బ్రదర్స్, ట్వంటీయెత్ సెంచురీ ఫాక్స్ చేతులు కలిపి తీసిన సినిమా అది. 138 అంతస్తుల గాజు భవనం. స్టీవ్ మెక్వీన్ ఫైర్ చీఫ్, పాల్ న్యూమన్ ఆర్కిటెక్టు. కెమెరాకు, ఎడిటింగుకు, పాటకు మూడు ఆస్కార్లు. ఆ మంట తెర మీద చూస్తుంటే మొహానికి సెగ తగులుతుంది. ఇందులో ఏముంది? కూర్చుని బాధపడడం తప్ప.

సుబ్బు కవాడిగూడ (రాత్రి 10:11)

ఆ గతం సీన్లలో సగం కోసేస్తే బాగుండేది. నాకు మధ్యలో కునుకు పట్టింది.

వాణి ఎర్రగడ్డ (రాత్రి 10:30)

పాతబొమ్మ గారూ, మీరు అన్నిటికంటే నమ్మదగ్గది అన్న ముక్కే నాకు మింగుడు పడలేదు. "ఎవరికీ తెలియదు" అట. ఆఫీసుకు వచ్చినవాళ్ళు గాల్లో ఎగిరి రాలేదు కదా, బండ్లలోనే వచ్చారు. అందరూ వెళ్ళిపోయాక పార్కింగులో నాలుగు కార్లు మిగిలి ఉంటే, అవి ఎవరివని ఒక్కరికీ అనుమానం రాదా? సినిమా మొత్తం ఆ "తెలియదు" మీద నడిపారు. నాకు కథ అక్కడే కూలిపోయింది.

పాతబొమ్మ (రాత్రి 10:52)

వాణి అమ్మా, కార్ల విషయం మీరు అనుకున్నంత తేలిక కాదు. మా సెల్లార్‌లో రాత్రి పదకొండింటికి ఏ రోజు దిగి చూసినా ఇరవై బండ్లకు తక్కువ ఉండేవి కావు. వర్షం పడిందని బండి వదిలేసి ఆటోలో పోయినవాళ్ళవి, టూరుకు వెళ్ళినవాళ్ళవి, పక్క బిల్డింగువాళ్ళు మనకు చెప్పకుండా పెట్టుకున్నవి. వీటికి తోడు మూడేళ్ళుగా కదలని ఫియట్ ఒకటి. బండ్లు లెక్కపెట్టి మనుషుల్ని లెక్కగట్టలేం.

వాణి ఎర్రగడ్డ (రాత్రి 10:58)

మూడేళ్ళుగా కదలని ఫియట్ మీద దుమ్ము ఉంటుంది. ఆ రోజు పొద్దున వచ్చిన బండి మీద ఉండదు. చూడాలనుకున్నవాడికి తేడా తెలుస్తుంది.

రెండో ఆట (రాత్రి 11:03)

సినిమా గురించి మాట్లాడదాం అంటే పార్కింగు గురించి మాట్లాడుతున్నారు.

గ్రంథాలయం (రాత్రి 11:20)

మంట కనిపించకపోవడం, ఎదురుచూడడం అన్నారు కాబట్టి ఒక సంగతి గుర్తుచేస్తాను. ఈ రెండు సినిమాలూ వచ్చిన 1974లోనే, ఫిబ్రవరి 1న, బ్రెజిల్‌లోని సావో పాలోలో జోఎల్మా అనే 25 అంతస్తుల ఆఫీసు భవనం కాలిపోయింది. 12వ అంతస్తులో ఏసీ దగ్గర షార్ట్ సర్క్యూట్. 170 మందికి పైగా చనిపోయారు. చాలామంది కిందికి దిగకుండా డాబా మీదికి ఎక్కారు. దానికి కారణం ఉంది. రెండేళ్ళ ముందు, 1972లో, అదే ఊళ్ళో ఆండ్రాస్ భవనం కాలినప్పుడు డాబా మీద ఉన్నవాళ్ళను హెలికాప్టర్లతో కాపాడారు. ఈసారి కూడా అలాగే వస్తాయనుకున్నారు. పొగకు, వేడికి హెలికాప్టరు దిగలేకపోయింది.

అది చదివిన తర్వాత, మనుషులు ఒక గదిలో కూర్చుని ఎదురుచూసే సినిమాను నేను తేలిగ్గా తీసుకోలేను.

షిఫ్టు బాబు (రాత్రి 11:48)

నేను మాదాపూర్‌లో నైట్ షిఫ్టు చేస్తాను. లోపల ఎంతమంది ఉన్నారో మా సిస్టమ్‌కు తెలుసని అందరూ అనుకుంటారు. ఒకరు కార్డు పెడితే తలుపు తెరుచుకుంటుంది, వెనక ముగ్గురు నడుస్తారు. బయటికి వచ్చేటప్పుడూ అంతే. నాలుగో అంతస్తు నుంచి ఐదుకు టీ కోసం వెళ్ళినవాడు ఏ లిస్టులోనూ ఉండడు. ఫైర్ డ్రిల్లు ఎప్పుడూ పొద్దున పదకొండింటికే పెడతారు. రెండున్నరేళ్ళలో రాత్రి డ్రిల్లు నేను ఒక్కటీ చూడలేదు. ఈ విషయంలో పాతబొమ్మ గారి మాటే కరెక్టు అనిపిస్తోంది.

వాణి ఎర్రగడ్డ (రాత్రి 11:55)

బాబూ, నువ్వు చెప్పింది లిస్టు తప్పుగా ఉందని. లిస్టు తప్పని మీ పైవాళ్ళకు తెలుసా తెలియదా? తెలిసీ సరిచేయకపోతే, రేపు ఏదైనా జరిగినప్పుడు "లోపల ఎవరున్నారో మాకు తెలియదు" అనే హక్కు వాళ్ళకు ఎక్కడిది? నేను అడిగేది అదొక్కటే. మళ్ళీ చెప్తున్నా, పార్కింగులో కార్లు ఉన్నాయి.

పాతబొమ్మ (ఆదివారం, ఉదయం 6:35)

మళ్ళీ కార్లే. సరే, అసలు సినిమాకు వద్దాం.

టవరింగ్ ఇన్‌ఫెర్నో ఎందుకు అబద్ధంగా అనిపిస్తుందో చెప్తాను. అందులో తప్పు చేసినవాడు ఒకడున్నాడు. బిల్డరు అల్లుడు. కరెంటు పని కాంట్రాక్టు అతనిదే, డబ్బు మిగుల్చుకోవడానికి నాసిరకం వైరు వేయిస్తాడు. అంతే, ప్రేక్షకుడికి తిట్టుకోవడానికి మనిషి దొరికాడు. మనసు తేలికపడి ఇంటికి పోతాడు. నేను చూసిన బిల్డింగుల్లో అలాంటి విలన్ నాకు ఒక్కడూ కనపడలేదు. కనపడింది ఏమిటంటే, మెట్ల దగ్గర గాలి రావడం లేదని ఫైర్ డోర్ మూసుకోకుండా ఫైర్ సిలిండరునే అడ్డుపెట్టిన ఆఫీస్ బాయ్. దొంగతనాలు జరుగుతున్నాయని డాబా తలుపుకు తాళం వేయించిన సొసైటీ. దీపావళి స్టాకు వచ్చిందని మెట్ల మలుపులో అట్టపెట్టెలు పేర్చిన షాపతను. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. చిన్న సినిమాలో విలన్ మీద ఆ మోజు లేదు, మనుషులు, పొగ, అంతే. నాకు అదే నిజాయితీ.

రెండో ఆట (ఉదయం 8:10)

మీరు చెప్పిన అట్టపెట్టెలు ఆ పెద్ద సినిమాలోనే ఉన్నాయన్నా. మెట్ల తలుపు అవతల సిమెంటు పోసి వదిలేస్తే గట్టిపడి తలుపు తెరుచుకోదు, గుర్తుందా? అది ఏ విలనూ చేసింది కాదు. పనివాళ్ళు వదిలేసి పోయింది. కోట్లు పెట్టినా ఆ సిమెంటు ముద్ద మర్చిపోలేదు వాళ్ళు. ఆ సీను ఒక్కటి చాలు నా వాదనకు.

పాతబొమ్మ (ఉదయం 8:22)

ఆ సీను బాగుంది. ఒప్పుకుంటాను.

వాణి ఎర్రగడ్డ (ఉదయం 9:05)

"వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు" అన్న మీ వాక్యం పొద్దున్నుంచి నాలుగుసార్లు చదివాను. ఆఫీస్ బాయ్, సొసైటీ, షాపతను. మీ లిస్టులో బిల్డింగు ఓనరు లేడు. లైసెన్సు ఇచ్చినవాళ్ళు లేరు. రోజూ ఆ మెట్లు చూస్తూ జీతం తీసుకున్న అడ్మిన్ ఆఫీసరు లేడు. మీకు "తెలియదు" అనే మాట అంటే ఇంత ఇష్టం ఎందుకో నాకు అర్థమవుతోంది.

2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు. అందరూ చిన్నవయసు పిల్లలు, ఊళ్ళ నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు. పొగకు ఊపిరాడక పోయారు. వాళ్ళు పనిచేస్తున్నది ఎవరికీ తెలియని గదిలో కాదు, బోర్డు పెట్టిన ఆఫీసులో. దానికి రెండు నెలల ముందు, జనవరి 19న, మినిస్టర్ రోడ్డులో డెక్కన్ మాల్ కాలినప్పుడు ముగ్గురు పనివాళ్ళు కనపడకుండా పోయారు. రోజుల తరబడి వెతికారు. ఆ ముగ్గురూ లోపలికి పోయారని తెలియకనా? చివరికి బిల్డింగే కూల్చేశారు.

ఎవరూ చెడ్డవాళ్ళు కాకుండా ఇవన్నీ ఎలా జరిగాయండీ?

పాతబొమ్మ (ఉదయం 9:30)

అమ్మా, మీరు మాట ఎక్కడికో తీసుకుపోతున్నారు. నేను ఒక సినిమాలో ఒక విషయం నమ్మదగ్గది అన్నాను. మీకు ఎప్పుడూ ఉరితీయడానికి ఒక మనిషి కావాలి. జరిగిన ప్రతిదానికీ ఎవడో ఒకడు కావాలని చేశాడు అనుకుంటే బతకడం సులభం. ఇరవై ఆరేళ్ళు ఒక్క మనిషి ప్రాణం పోకుండా నెట్టుకొచ్చిన ఉద్యోగం నాది. అది ఎలాంటిదో ఇంట్లో కూర్చుని కార్లు లెక్కపెట్టేవాళ్ళకు తెలియదు.

వాణి ఎర్రగడ్డ (ఉదయం 9:34)

నన్ను అమ్మా అనకండి. నేను మీ ఇంట్లో ఆడపిల్లను కాను.

మోడరేటర్ (ఉదయం 9:40)

ఇద్దరూ కాస్త నెమ్మదించండి. వ్యక్తిగతంగా పోతే ఈ చర్చకు తాళం వేయాల్సి వస్తుంది.

వాణి ఎర్రగడ్డ (ఉదయం 10:15)

తాళం వేయకండి, నేను చెప్పాల్సింది చెప్పి ఆపేస్తాను.

తొమ్మిదేళ్ళ క్రితం మా తమ్ముడు ఈ ఊళ్ళోనే ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేసేవాడు. ఆఫీసు పేరు, బిల్డింగు పేరు రాయను. నెలాఖరు పని, ఆ రాత్రి ముగ్గురిని ఉండమన్నారు. ఇద్దరు పదింటికి వెళ్ళిపోయారు, వీడు ఒక్కడే మిగిలాడు. పదకొండున్నర దాటాక కింద మీటర్ల గదిలో అంటుకుంది. ఫైరింజన్ వచ్చింది. పైన ఎవరూ లేరని చెప్పారు. ఓనరు మనిషి చెప్పాడు, వాచ్‌మన్ చెప్పాడు.

మా తమ్ముడి బండి సెల్లార్ ర్యాంపు పక్కనే ఉంది. నీలం రంగు, వెనక నంబరు ప్లేటు కింద మా అమ్మ కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు. ఫైరింజన్ పైపు లాగడానికి అడ్డంగా ఉందని వాచ్‌మన్ ఆ బండిని ఎత్తి పక్కకు జరిపాడు. చేతులతో జరిపాడు. ఎవరిదని అడగలేదు. నిమ్మకాయ ఆ పొద్దుటిదే, ఇంకా పచ్చగా ఉంది.

ఒంటిగంట దాటాక బాత్‌రూములో దొరికాడు. చొక్కా తడిపి తలుపు కింద సందులో కుక్కి కూర్చున్నాడు. అది ఎక్కడో చదివాడట, అదే బతికించింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆఫీసువాళ్ళు వచ్చి "పర్మిషన్ లేకుండా ఉన్నాడు, మాకు తెలియదు" అని ఒక కాగితం మీద మా నాన్నతో సంతకం పెట్టించుకున్నారు. ఉండమన్న మెసేజ్ వాడి ఫోన్‌లో ఉంది. ఫోన్ ఆ గదిలోనే కరిగిపోయింది.

ఇప్పుడు వాడు రెండో అంతస్తు దాటి ఎక్కడికీ ఎక్కడు. చెల్లెలు ఫ్లాటు ఐదో అంతస్తు, గృహప్రవేశానికి కింద నిలబడి అక్షింతలు పంపాడు.

అందుకే కార్లు. "ఎవరికీ తెలియదు" అని సినిమాలో అనుకుంటుంటే, ఆ కాగితం మీద ఉన్న మాట నా చెవిలో పడింది. తెలుసు. కనీసం ఒకరికి తెలుసు. ఆ బండిని ఎత్తిన చేతులకైనా తెలిసి ఉండాలి. పెద్ద సినిమాలో ఆ అల్లుడిని నిలబెట్టి అడిగారు. నాకు అది కావాలి. మీకు బొమ్మల సంగతి తెలిసినంత నాకు తెలియదు, కానీ అడగని సినిమా నాకు వద్దు.

సుబ్బు కవాడిగూడ (ఉదయం 10:21)

వాణి గారూ… మీ తమ్ముడు ఇప్పుడు బాగున్నాడా?

వాణి ఎర్రగడ్డ (ఉదయం 10:24)

బాగున్నాడు. మా వీధి మొదట్లో మొబైల్ రీచార్జి షాపు పెట్టుకున్నాడు. గ్రౌండ్ ఫ్లోర్.

నిచ్చెన (ఉదయం 11:40)

నేను ఈ వేదికలో ఎక్కువ రాయను. ఫైర్ సర్వీసులో చేరి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యాను. ఇద్దరూ తప్పుగా అనుకుంటున్న ఒక విషయం ఉంది, అందుకే రాస్తున్నాను.

బండి దిగగానే మేం అడిగే మొదటి ప్రశ్న "లోపల ఎవరైనా ఉన్నారా?" చాలాసార్లు వచ్చే జవాబు "ఎవరూ లేరు సార్". ఆ మాట చెప్పేవాడు అబద్ధం చెప్తున్నాడో, నిజంగా తెలియకనే చెప్తున్నాడో ఆ నిమిషంలో మాకు అనవసరం. ఆ మాట నమ్మకూడదని మాకు ట్రైనింగులోనే చెప్తారు. వాచ్‌మన్ భయంతో చెప్తాడు. ఓనరు మనిషి లెక్కతో చెప్తాడు. వాచ్‌మన్ సొంత పెళ్ళాం పిల్లలు డాబా మీద గదిలో ఉంటే కూడా కంగారులో "ఎవరూ లేరు" అన్నవాడిని నేను చూశాను. వాడికి "ఎవరూ" అంటే ఆఫీసువాళ్ళు అని.

అందుకని వెతుకుతాం. బీఏ సెట్, అంటే ఊపిరి కోసం గాలి సిలిండరు, మాస్కు, తగిలించుకుని ఇద్దరిద్దరుగా పోతాం. పొగలో మన చెయ్యి మనకు కనపడదు. ఒక చెయ్యి గోడ మీద నుంచి తీయకూడదు, గోడ వదిలితే మనమే తప్పిపోతాం. రెండో చేత్తో నేల తడుముతూ పోవాలి. టేబుళ్ళ కింద, తలుపుల వెనక, బాత్‌రూముల్లో. మనుషులు పొగకు దూరంగా, నీళ్ళకు దగ్గరగా పోతారు, అందుకే బాత్‌రూములు తప్పకుండా చూడాలి. వాణి గారి తమ్ముడిని వెతికినవాళ్ళు కూడా "ఎవరూ లేరు" అన్న మాట విన్నాకే పైకి వెళ్ళారు. అది గుర్తుపెట్టుకోండి. సిలిండరు అయిపోవస్తుంటే విజిల్ మోగుతుంది, అప్పుడు వెనక్కి రావాలి. విజిల్ మోగుతుండగా ఇంకో తలుపు కనపడితే ఆ బాధ వేరు.

పొగ సంగతి పాతబొమ్మ గారు కరెక్టుగానే చెప్పారు. మంట కిందే ఉంటుంది, పొగ పైకి పోతుంది. మెట్ల తలుపులు తెరిచి ఉంటే ఆ మెట్లే పొగగొట్టం. కరెంటు వైర్లు పోయే షాఫ్టు మూసి ఉండకపోతే అదీ అంతే. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. వాసన ఉండదు. మనిషికి తల బరువెక్కుతుంది, కూర్చుంటాడు, లేవడు. టీవీ సినిమాలో మంట తక్కువ అని ఎవరో బాధపడ్డారు. మేం బయటికి మోసుకొచ్చినవాళ్ళలో చాలామంది ఒంటి మీద కాలిన గాయమే ఉండేది కాదు.

ఇక 40వ అంతస్తు. నాకు తెలిసినంతవరకు మన దగ్గర ఉన్న పెద్ద బ్రాంటో స్కైలిఫ్ట్, అంటే మనుషుల్ని పైకి లేపే నిచ్చెన బండి, 54 మీటర్లు లేస్తుంది. ఆఫీసు అంతస్తు నాలుగు మీటర్లు వేసుకుంటే 13వ అంతస్తు. ఇప్పుడు కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు 40 దాటినవి లేస్తున్నాయి. అంత ఎత్తుకు బయటి నుంచి చేసేదేమీ ఉండదు. లోపలి మెట్లు, లోపలి నీళ్ళ పైపు, లోపలి ఫైర్ లిఫ్టు పనిచేస్తేనే. కాబట్టి పైన ఎవరున్నారో బిల్డింగువాళ్ళకు తెలియాలి. తెలియదు అంటే మాకు 40 అంతస్తులూ తడమాలి, సిలిండరు అంత సేపు రాదు.

గ్రంథాలయం (మధ్యాహ్నం 12:02)

నిచ్చెన గారూ, ఇది వేరే చోట దాచుకుంటాను. ధన్యవాదాలు.

పాతబొమ్మ (సాయంత్రం 5:15)

వాణి గారూ, పొద్దున రాసిన దానికి క్షమించండి. "ఇంట్లో కూర్చుని" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మధ్యాహ్నం నుంచి రాయాలా వద్దా అని కూర్చున్నాను.

ఇరవై ఆరేళ్ళు ఒక్క ప్రాణం పోలేదని రాశాను. అది నిజం. కానీ నా గొప్ప కాదు.

ఒక రాత్రి మా బిల్డింగులో ప్యానెల్ గది కాలింది. పెద్ద మంట కాదు, పొగ మాత్రం ఆరు అంతస్తులూ నిండింది. ఫైర్ ఆఫీసరు నన్నే అడిగారు. "పైన ఎవరూ లేరు సార్, నేనే దగ్గరుండి తాళాలు వేయించాను" అని చెప్పాను. గట్టిగా చెప్పాను. గంటన్నర తర్వాత, పొగ కాస్త తగ్గాక, మెట్ల మీద నుంచి మా స్వీపరు ఆవిడ దిగింది. మొహమంతా మసి, కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. చివరి బస్సు తప్పిపోతే నాలుగో అంతస్తులో ఫైళ్ళ గదిలో పడుకునేదట. నెలకు నాలుగైదుసార్లు. నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "సార్, నా పని తీసేస్తారా?"

నాకు తెలియదు, వాణి గారూ. ఒట్టేసి చెప్తున్నాను, నాకు తెలియదు. ఆ సినిమాలో ఆ ముక్క వచ్చినప్పుడు ఎవరో నా తరఫున సాక్ష్యం చెప్పినట్టు అనిపించింది. అందుకే పట్టుకుని వేలాడాను.

వాణి ఎర్రగడ్డ (సాయంత్రం 6:40)

క్షమాపణ అక్కర్లేదు. మీరు అబద్ధం చెప్పారని నేను అనను.

కానీ మీరు రాసిందే మళ్ళీ చదవండి. ఆమె నెలకు నాలుగైదుసార్లు అక్కడ పడుకునేది. చివరి బస్సు ఎన్నింటికో, ఆమె పని ఎన్నింటికి అయ్యేదో మీకు తెలుసు, డ్యూటీ వేసింది మీరే కదా. ఆ టైముకు పని ముగిస్తే ఆమె ఇంటికి ఎలా పోతుంది అని మీరు ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. తాళం వేసే ముందు ఆ ఫైళ్ళ గది తలుపు తీసి చూసి ఉంటే తెలిసేది. తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు. మా తమ్ముడి బండిని జరిపినవాడు కూడా ఒట్టేసి చెప్పగలడు, నాకు తెలియదని.

ఆమె పని ఉందా, పోయిందా?

పాతబొమ్మ (సాయంత్రం 7:05)

ఉంది. పైవాళ్ళకు నేను చెప్పలేదు. ఆమె డ్యూటీ గంట ముందుకు జరిపాను, అంతే చేశాను. రిపోర్టులో కూడా ఆమె పేరు రాయలేదు. ఆమె కోసమే రాయలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

రెండో ఆట (సాయంత్రం 7:30)

నేను సినిమా మళ్ళీ పెట్టి చూస్తున్నా. మంటలు ఎన్ని ఉన్నాయని చూడడం లేదు ఈసారి.

నిచ్చెన (రాత్రి 8:15)

పాతబొమ్మ గారూ, రిపోర్టులో ఆమె పేరు ఉంటే ఆ తర్వాత వచ్చిన అడ్మిన్‌కు ఫైళ్ళ గది చూడాలని తెలిసేది. తిట్టడానికి కాదు, మా దగ్గర కూడా ఇలా రాయకుండా పోయినవి ఉన్నాయి.

వాణి ఎర్రగడ్డ (రాత్రి 9:20)

మా తమ్ముడికి ఈ సినిమా కథ చెప్పాను. చూస్తావా అంటే వద్దన్నాడు. "పైన ఉన్నారని చివరికి ఎవరు చెప్పారక్కా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

షిఫ్టు బాబు (సోమవారం, రాత్రి 1:50)

ఇది చదివి పడుకోలేను, ఎలాగూ షిఫ్టులో ఉన్నాను. సెక్యూరిటీ అన్నను తీసుకుని సెల్లార్‌కు వెళ్ళి బండ్లు లెక్కపెట్టాం. క్యాబులో వచ్చినవాళ్ళను తీసేస్తే రిజిస్టరులో తొమ్మిది పేర్లున్నాయి. బండ్లు పదకొండు. సీటు మీద దుమ్ము లేనివే లెక్కేశాం. ఎక్కువ వచ్చిన రెండింటిలో ఒకటి సెక్యూరిటీ అన్నదే. రెండోది ఎవరిదో మా ఇద్దరికీ తెలియలేదు. ఇంజిను మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది.

మాస్టర్ తాళాల గుత్తి తీసుకున్నాం. మొదటి అంతస్తు నుంచి చూసుకుంటూ వెళ్తున్నాం.

వాణి ఎర్రగడ్డ (రాత్రి 1:53)

బాత్‌రూములు కూడా చూడండి. చూశాక రాయి, మేలుకునే ఉంటాను.